ఐసు పెట్టె, ఫ్రిజ్, తడి గోనె: హైదరాబాద్ నుంచి గండికోట మీదుగా శ్రీశైలం దాకా

బయలుదేరే ముందటి రోజు: హైదరాబాద్

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెప్పిన మాట ఈ ఏడు కూడా తప్పలేదు. పండుగ వెళ్ళిన కొద్ది రోజులకే నగరంలో మధ్యాహ్నపు ఎండ 36 డిగ్రీలు దాటింది. ఓర్వకల్లు, బేలం, గండికోట, శ్రీశైలం చూసుకుంటూ, వీలున్నచోట బండి పక్కనే గుడారం వేసుకొని, మా వంట మేమే వండుకుంటూ తిరిగి రావాలని మేము తలపెట్టింది ఆ ఎండలోనే. బావ బండిలో అక్క, నా బొలెరోలో పెద్దనాన్న బయలుదేరాలని నిశ్చయించుకున్నాము. పెద్దనాన్న రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు కనుక, పాలు విరిగితే ఎలాగో సర్దుకోవచ్చు గాని మందు పాడయితే మాత్రం యాత్ర అక్కడితో ఆగిపోవలసిందే.

బావ తన బండిలో 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టించుకున్నాడు. అది ఇంట్లోని ఫ్రిజ్ పనిచేసే పద్ధతిలోనే పనిచేస్తుంది, కాకపోతే 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. నా బండిలో ఉన్నది 50 లీటర్ల మామూలు ఐసు పెట్టె. ఈ రెండూ గాక తక్కువ ధరకు 'కారు ఫ్రిజ్' అన్న పేరుతో అమ్మే మూడో రకం ఒకటి ఉంది. రెండు వేర్వేరు లోహాల అతుకు గుండా విద్యుత్తు ప్రవహిస్తే అతుకు చల్లబడడమో వేడెక్కడమో జరుగుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెల్టియర్ 1834లో గమనించిన సూత్రమే దానికి ఆధారం. బయటి వేడి కంటే 20 డిగ్రీలు తగ్గించడమే దానికి గగనం. 36 డిగ్రీల ఎండలో అది ఇచ్చే 16 డిగ్రీలు శీతల పానీయానికి సరిపోతాయేమో గాని పాలకూ మాంసానికీ చాలవు. వండిన పదార్థాలను, త్వరగా పాడయ్యే పదార్థాలను 5 డిగ్రీల లోపు గాని 60 డిగ్రీల పైన గాని ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందువల్ల ఆ మూడో రకం మా లెక్కలోకి రాలేదు.

ఐసు పెట్టె విషయంలో లెక్క వేసుకోకుండా బయలుదేరేవారే ఎక్కువ. కిలో ఐసు కరిగి నీరు కావడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు చాలు. మా పెట్టె గోడల్లో 5 సెంటీమీటర్ల మందాన పాలియురెథేన్ నురుగు ఉంది. బయట 35 డిగ్రీలు ఉంటే, మూత అసలు తెరవకపోయినా, ఆ గోడల గుండా రోజుకు సుమారు 4 కిలోల ఐసును కరిగించేంత వేడి లోపలికి వస్తుంది. అదే గోడ 2 సెంటీమీటర్లే అయితే 10 కిలోలు కరుగుతుంది. ఇవి గోడల సంగతులు. మన చేతులతో మనం లోపల పెట్టే వేడి వేరే ఉంది. ఎండలో కాగిన పది లీటర్ల నీళ్లను తెచ్చి పెట్టెలో పెడితే, వాటిని 5 డిగ్రీలకు దించడానికే దాదాపు 4 కిలోల ఐసు ఖర్చవుతుంది. అంటే ఒక రోజంతా రావలసిన ఐసు ఒక్క పూటలో అయిపోతుంది. కాబట్టి పెట్టెలోకి వెళ్ళే ప్రతి వస్తువూ ఇంట్లోనే చల్లబడి వెళ్ళాలన్నది మా మొదటి నియమం.

మేడ మీది గదిలో ఎండకు మగ్గిన పెట్టెను ముందటి సాయంత్రమే కిందికి దించి, అందులో రెండు మూడు కిలోల ఐసు వేసి రాత్రంతా మూసి ఉంచాము. ఆ ఐసు గోడలను చల్లబరచి కరిగిపోతుంది, యాత్రకు పనికిరాదు. అయినా అది వృథా కాదు, ఎందుకంటే వేడి గోడల మధ్య కొత్త ఐసు పెడితే అది చేసే మొదటి పని కూడా అదే. అక్క మంచినీళ్ల సీసాలను, మజ్జిగ ప్యాకెట్లను ఫ్రీజర్‌లో గడ్డకట్టించింది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది కనుక సీసాలను మెడ దాకా నింపలేదు. మసాలా పట్టించిన మేక మాంసాన్ని పలుచగా పరచి గడ్డకట్టించాము.

ఐసు దిమ్మ కోసం ముషీరాబాద్ చేపల మార్కెట్ వైపు వెళ్ళాను. ముక్కలుగా ఉన్న ఐసు కంటే ఒకే దిమ్మగా ఉన్నది నిదానంగా కరుగుతుంది, ఎందుకంటే అదే బరువుకు బయటి గాలికి తగిలే ఉపరితలం దానికి తక్కువ. దిమ్మను కోసి ఇస్తూ అక్కడి కుర్రవాడు, "అన్నా, ఇది చాపలకు. నీళ్లల్ల ఏసుకొని తాగకుండ్రి" అని హెచ్చరించాడు. అడగకుండానే చెప్పినందుకు అతణ్ణి మెచ్చుకోవాలి. ఆ దిమ్మను మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, ఆహారానికి తగలకుండా పెట్టె అడుగున ఉంచాము. అమెరికాలోని బోస్టన్ నుంచి 1833లో టస్కనీ అనే ఓడ రంపపు పొట్టులో కప్పిన 180 టన్నుల ఐసుతో బయలుదేరి, నాలుగు నెలల పైన సముద్రంలో గడిపి, అందులో సుమారు 100 టన్నులను కలకత్తాకు చేర్చింది. ఆ వ్యాపారం కోసమే మద్రాసు సముద్రతీరంలో కట్టిన ఐస్‌హౌస్ నేడు వివేకానందుల స్మారక మందిరంగా ఉంది. పెద్ద రాశిగా పేర్చడం, గాలి ఆడకుండా కప్పడం అన్న రెండు పనులే ఆ ఓడ ఐసును కాపాడాయి.

చివరగా, ఏది చల్లగా ఉండాలి, ఏది అక్కర లేదు అన్న నిర్ణయం అక్కది. పాలు, పెరుగు, మాంసం, ఇన్సులిన్ మాత్రమే చల్లగా ఉండాలని ఆమె తేల్చింది. జొన్న రొట్టెలు, సకినాలు, మలీద ముద్దలు, ఆవకాయ, కారప్పొడి, మొదటి పూటకు పులిహోర, తెరవనంత వరకు బయట ఉండగల టెట్రా ప్యాకెట్ పాలు మరో సంచిలోకి వెళ్ళాయి. ఫ్రిజ్‌లు లేని కాలంలో బండ్లు కట్టుకొని జాతరలకు వెళ్ళినవారి మూటల్లో ఉన్నవి దాదాపు ఇవే. నా దృష్టిలో ఈ యాత్రకు ఎక్కువ మేలు చేసిన నిర్ణయం ఫ్రిజ్ కొనడం కంటే ఈ జాబితాయే.

మొదటి రోజు: కర్నూలు మీదుగా ఓర్వకల్లు

వెలుతురు రాకముందే శంషాబాద్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి సాగాము. తూర్పు ఎండ ఎడమ కిటికీల నుంచి వస్తుందని పెట్టెను కుడివైపు సర్ది, పైన రగ్గు కప్పాము. తాగే నీళ్లకు, మజ్జిగకు వేరుగా చిన్న థర్మకోల్ పెట్టె ఉంది. దాహం వేసిన ప్రతిసారీ తెరిచేది దానినే. పెద్ద పెట్టెను వంట వేళ మాత్రమే తెరవాలి. లోపల ఏ మూల ఏముందో అక్క ఒక కాగితం మీద రాసి మూతకు అంటించింది. చల్లని గాలి బరువైనది కనుక పైనుంచి తెరిచే పెట్టెలో అది అడుగునే నిలుస్తుందన్నది నిజమే గాని, మూత ఎత్తి పట్టుకొని పెరుగు డబ్బా కోసం వెతుకుతూ కూర్చుంటే ఆ లాభం దక్కదు.

జడ్చర్లలో ఇడ్లీ తిన్నాము. కర్నూలులో భోజనానికి ఆగి తిరిగి వచ్చేసరికి బావ ఫ్రిజ్ 4 నుంచి 9 డిగ్రీలకు ఎక్కింది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. కారణం వెతికితే రెండు కనిపించాయి. మొదటిది, అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటి వేడి కంటే చాలా ఎక్కువ. రెండవది, ఫ్రిజ్ పక్కనున్న గాలి రంధ్రాలకు దుప్పట్ల సంచి ఆనుకొని ఉంది. లోపలి వేడిని లాగి బయటికి పారబోయడమే ఫ్రిజ్ చేసే పని. పారబోసే దారి మూసుకుపోతే అది ఎంత విద్యుత్తు తిన్నా ఫలితం ఉండదు. సంచి జరిపి, అద్దాలు వేలెడంత దించి, ముందరి అద్దానికి వెండిరంగు తెర కట్టిన తరువాత గంటలో అది మళ్ళీ 5 డిగ్రీలకు దిగింది.

ఓర్వకల్లు కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో ఉంది. అక్కడి రాతి గుట్టలను పొద్దు వాలేవరకు చూసి, తెలిసినవారి మామిడి తోటలో వారి అనుమతితో గుడారాలు వేసుకున్నాము. మాంసం అప్పటికి గడ్డ విడినా ఇంకా చల్లగానే ఉంది. యాత్రలో మాంసం మొదటి రాత్రే ముగిసిపోవాలన్నది పెద్దనాన్న పట్టుదల; దానిని నేనూ సమర్థిస్తాను. అందరం తినగా మిగిలినది తోట కాపలాదారు కుటుంబానికి వేడిగా ఇచ్చేశాము. అలా మర్నాటికి పెట్టెలో పాలు, పెరుగు, ఐసు మాత్రమే మిగిలాయి.

రెండవ రోజు: బేలం గుహలు, గండికోట

బనగానపల్లెకు ఆ ఊరి పేరు మోసే మామిడి రావడానికి ఇంకా సమయం ఉంది కనుక అరటిపండ్లు కొనుక్కున్నాము. బావ వాటిని ఫ్రిజ్‌లో పెట్టబోతే అక్క వారించింది. అరటి, మామిడి వంటి ఉష్ణమండలపు పండ్లు సుమారు 12 డిగ్రీల కంటే చల్లబడితే తొక్క నల్లబడి, సరిగా మాగక చెడిపోతాయి. వాటిని తడి గుడ్డలో చుట్టి గంపలో పెట్టడమే మేలు.

బేలం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లోనే వీటి గురించి రాసినా, 1982, 1983 సంవత్సరాల్లో జర్మన్ గుహాన్వేషకుల బృందం వచ్చి లోపల శోధించిన తరువాతనే వీటి విస్తృతి లోకానికి తెలిసింది. లోపల కొంత దూరం నడవగానే ఒళ్ళంతా చెమట పట్టింది, ఆ చెమట ఆరలేదు. బయట అంతకంటే మండే ఎండలో అదే చెమట క్షణంలో ఆరి హాయిగా అనిపించింది. మా తడి గోనె పనిచేసేదీ ఈ సూత్రం మీదనే. నీరు ఆవిరి కావడానికి కావలసిన వేడిని తన చుట్టూ ఉన్న వస్తువు నుంచే తీసుకుంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ పని చురుకుగా సాగుతుంది, తేమగా ఉంటే ఆగిపోతుంది. గాలిలో తేమ 20 శాతం ఉన్న 38 డిగ్రీల ఎండలో తడి గుడ్డ ఉష్ణోగ్రత సుమారు 21 డిగ్రీల దాకా దిగగలదు. తేమ 90 శాతం ఉంటే 32 డిగ్రీల గాలిలో అది 30 డిగ్రీల వద్దే నిలిచిపోతుంది. మన ఇళ్లలో వేసవిలో రంజన్లు (మట్టి కుండలు) నీళ్లను అంత చల్లగా ఉంచి, వానాకాలం రాగానే ఆ పని మానేయడానికి కారణం ఇదే. విశాఖ తీరంలో గోనె సంచిని నమ్ముకొని వెళ్ళడం తెలివైన పని కాదు. రాయలసీమ ఎండలో దానిని తీసుకువెళ్ళకపోవడమూ తెలివైన పని కాదు.

గుహల దగ్గర బండ్లు నిలిపినచోట నీడ లేదు. నా పెట్టె మీద కప్పిన గోనె సంచిని కరిగిన ఐసు నీళ్లతోనే తడిపి, రెండు వైపులా అద్దాలు కొద్దిగా దించి వెళ్ళాము. తిరిగి వచ్చేసరికి సంచి పైభాగం ఆరింది గాని పెట్టె లోపల 3 డిగ్రీలే ఉంది. సాయంత్రానికి జమ్మలమడుగు చేరి, అక్కడి నుంచి 15 కిలోమీటర్ల దూరంలోని గండికోటకు వెళ్ళి, గుడారాలకు కేటాయించిన చోట దిగాము.

ఆ రాత్రి బావ నిద్రపోలేదనే చెప్పాలి. ఫ్రిజ్ మూడుసార్లు ఆగిపోయి, బ్యాటరీ బలహీనంగా ఉందని సూచించింది. నిజానికి బ్యాటరీ నిండుగానే ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి ఫ్రిజ్ దాకా వచ్చిన సన్నని తీగ సంగతి అప్పుడు తేలింది. 12 వోల్టుల దగ్గర ఫ్రిజ్ సుమారు 4, 5 ఆంపియర్లు లాగుతుంది. తీగ సన్ననిదై, పొడవు ఎక్కువైతే అరవోల్టు దాకా తీగలోనే పోతుంది. బ్యాటరీ పూర్తిగా చావకుండా ఫ్రిజ్‌లో ఉండే రక్షణ ఏర్పాటు ఆ తక్కువ వోల్టేజీని చూసి ఆపేస్తుంది. ట్రూప్ బజార్‌లో నేను కొని తెచ్చిన 4 చదరపు మిల్లీమీటర్ల తీగను బ్యాటరీకి ఫ్యూజు పెట్టి నేరుగా కలిపాము. ఆ తరువాత అది ఆగలేదు.

మూడవ రోజు: గండికోటలోనే

ఇక్కడ రోజంతా ఉండిపోయాము. పెన్నా నది రాతిని కోసుకుంటూ పోయిన లోయ అంచున ఉదయం గడిపి, ఎండ ముదిరాక కోటలోని మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం చూశాము. మందపు రాతి గోడల ఆ ధాన్యాగారం లోపల, బయటి ఎండతో పోలిస్తే ఎంత చల్లగా ఉందో పెద్దనాన్న చాలాసేపు మెచ్చుకున్నారు. గింజకు కావలసింది ఐసు చలి కాదు, పొడిదనం. అవసరాన్ని బట్టి కట్టిన గది అది.

కదలని రోజే ఫ్రిజ్‌కు అసలు పరీక్ష. బండి నడుస్తూ ఉంటే, ఇంజనుతో తిరిగి విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఒకేచోట ఆగితే ఆ ఆదాయం ఉండదు. నడుస్తున్నప్పుడు 50 వాట్లు తీసుకునే ఫ్రిజ్ రోజులో సగం సేపు తిరుగుతుందనుకుంటే 600 వాట్-అవర్లు (వాట్లను గంటలతో హెచ్చించిన లెక్క) కావాలి. బండిని స్టార్ట్ చేసే 60 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో ఉండేదే, 60ని 12 వోల్టులతో హెచ్చిస్తే, 720. అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది, మర్నాడు బండిని తోయవలసి రావచ్చు. అందుకని బావ 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఫ్రిజ్ కోసమే వేరుగా పెట్టుకున్నాడు. దానిలో సుమారు 1,280 వాట్-అవర్లు ఉంటాయి. పైగా 100 వాట్ల సోలార్ పలకను ఎండలో పరిచి, పొద్దుతో పాటు దాని ముఖం తిప్పుతూ వచ్చాడు. మంచి ఎండలో అలాంటి పలక రోజుకు 400 నుంచి 500 వాట్-అవర్లు ఇస్తుంది. పలక ఎండలో, బండి నీడలో ఉండాలి. బండి మీదనే పలక బిగించినవారికి ఈ రెండూ ఒకేసారి కుదరవు, అందుకే పొడవాటి తీగతో విడిగా పరిచే పలకే నాకు నచ్చింది.

ఇన్సులిన్ విషయానికి వస్తే, తెరవని పెన్నులు (మందు నింపి ఉండే పెన్ను ఆకారపు సూదులు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుకలో ఉన్నదానిని 30 డిగ్రీల లోపు నాలుగు వారాల వరకు బయట ఉంచుకోవచ్చని చాలా రకాల పొట్లాల మీద రాసి ఉంటుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ మాత్రం తిరిగి కరిగినా వాడకూడదు. ఎండకు భయపడి దానిని ఐసుకు ఆనించి పెట్టేవారు ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి. తెరవని పెన్నులు తువ్వాలులో చుట్టి, స్టీలు డబ్బాలో వేసి, ఫ్రిజ్ గోడకు తగలకుండా మధ్య బుట్టలో ఉంచాము. డబ్బాలోనే థర్మామీటర్ కొస పెట్టాము. వాడుకలో ఉన్న పెన్నును మూత బిగించిన డబ్బాలో వేసి, తడి గుడ్డ చుట్టిన చిన్న మట్టి కుండలో ఉంచి, గాలి తగిలే నీడలో పెట్టాము. మధ్యాహ్నం బయట 37 డిగ్రీలున్నప్పుడు కుండలో 26 డిగ్రీలు ఉంది. కుల్ఫీ వాళ్ల మాదిరి ఐసులో ఉప్పు వేస్తే ఇంకా చల్లబడుతుంది కదా అని బావ అడిగాడు. చల్లబడే మాట నిజమే, ఉప్పు కలిస్తే ఐసు సున్నాకు 20 డిగ్రీల కిందికి కూడా పోగలదు; అయితే అది త్వరగా కరిగిపోతుంది, మందూ గడ్డకడుతుంది. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

మధ్యాహ్నపు అన్నం కొంత మిగిలింది. దానిని రాత్రికి వేడి చేసుకుందామని అనుకోవడం సహజమే గాని, అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గంటల తరబడి వెచ్చగా ఉంచితే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వేడి అన్నం గిన్నెను ఐసు పెట్టెలో పెట్టడమూ ఐసుకు నష్టమే. అందుకని మిగిలిన అన్నాన్ని ఆవులకు పెట్టి, రాత్రికి జొన్న రొట్టెలు, కారప్పొడి, పెరుగుతో కానిచ్చాము.

సాయంత్రం జమ్మలమడుగు వెళ్ళి, సోడాల దుకాణం వాళ్లు చెప్పినచోట మరో ఐసు దిమ్మ కొన్నాను. కరిగిన నీళ్లను పారబోయాలా వద్దా అన్నదాని మీద వాదాలు చాలా ఉన్నాయి. ఆ నీళ్లు సున్నా దగ్గరే ఉంటాయి, పారబోస్తే వాటి స్థానంలోకి వెచ్చని గాలి వస్తుంది. కాబట్టి కొత్త ఐసు వేసేదాకా ఉంచి, వేసేటప్పుడు తీసేయడమే నా పద్ధతి. పెరుగు డబ్బా మునగకుండా చూసుకుంటే చాలు.

నాలుగవ రోజు: నంద్యాల, ఆత్మకూరు, శ్రీశైలం

ఆత్మకూరు దాటాక దోర్నాల దాకా దారి నల్లమల అడవిలో పులుల అభయారణ్యం గుండా పోతుంది. అక్కడ బండి దిగడం, వండడం, గుడారం వేయడం అనే ఆలోచనే పెట్టుకోరాదు. రాత్రి పూట ఈ అడవి దారులు మూసేస్తారు కనుక పగలే దాటాలి. మధ్యాహ్న భోజనాన్ని ఆత్మకూరులోనే ముగించుకున్నాము.

శ్రీశైలంలో మాకు ఎదురైన సమస్య కోతులు. బండి వెనక తలుపు తెరిచి సామాను దించుతుండగా ఒక కోతి థర్మకోల్ పెట్టె మూత తీసి, మజ్జిగ ప్యాకెట్ పట్టుకొని ప్రహరీ గోడ ఎక్కింది. పెద్ద పెట్టెకు రబ్బరు కొక్కేలు ఉన్నందున దాని జోలికి రాలేకపోయింది. మూత బిగువుగా ఉండడం ఐసుకు ఎంత అవసరమో ఈ ఊళ్లో పెరుగుకూ అంతే అవసరం. ఆ రాత్రి సత్రంలో గది దొరికింది. బావ ఫ్రిజ్‌ను లోపలికి తెచ్చి గోడ ప్లగ్గుకు తగిలించి, యాత్ర మొదలయ్యాక మొదటిసారి ఏ అంకె వైపూ చూడకుండా నిద్రపోయాడు.

ఐదవ రోజు: మన్ననూరు మీదుగా ఇంటికి

మల్లన్న దర్శనం చేసుకొని, దోమలపెంట, మన్ననూరు, డిండి మీదుగా హైదరాబాద్ వచ్చాము. డిండి దగ్గర టీ తాగుతున్నప్పుడు, "నువ్వు కూడా ఒక ఫ్రిజ్ కొనుక్కోరాదా" అని బావ అడిగాడు. మందు కోసం, లేదా వారం మించిన ప్రయాణాల కోసం అయితే ఫ్రిజ్ ఉండాలి. కాని దానితో పాటు బ్యాటరీ, చార్జర్, పలక, మందపాటి తీగ అన్నీ కొనాలి, వాటి ధర కలిపితే ఫ్రిజ్ ధరను మించిపోతుంది. రెండు రోజులకొకసారి ఏదో ఒక పట్టణం తగిలే మన దారుల్లో, మంచి గోడలున్న పెట్టె, ఒక దిమ్మ ఐసు నాకు చాలునని చెప్పాను. బావ ఒప్పుకోలేదు, టీ డబ్బులు మాత్రం ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి పెట్టెలో పిడికెడంత ఐసు, సగం గిన్నె పెరుగు మిగిలాయి. పెరుగు పుల్లబడింది గాని చెడలేదు. అక్క దానితో మజ్జిగపులుసు పెట్టింది. కర్నూలులో ఫ్రిజ్ కాసేపు 9కి ఎక్కినా, తువ్వాలులో చుట్టి డబ్బాలో ఉన్న తెరవని పెన్నుల ఉష్ణోగ్రత దారి పొడుగునా 8 డిగ్రీలు దాటలేదని, 2కు దిగలేదని థర్మామీటర్ చూపింది కనుక పెద్దనాన్న వాటిని ఇంటి ఫ్రిజ్‌లోకి మార్చుకున్నారు. పెట్టెను, ఫ్రిజ్‌ను వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, మూతల అంచున ఉండే రబ్బరు పట్టీల మడతలను గుడ్డతో తుడిచి, మూతలు పడిపోకుండా పుల్లలు అడ్డం పెట్టి మేడ మీద నీడలో ఆరబెట్టాము.